పుకెరురు తాత తల మీద ట్యాంకు

14, టానెకాహా వీధి
ఫిబ్రవరి 3, 1984

నగర కార్యాలయంలో ఈ కవరు చింపిన వారికి,

తేనా కోయె, అంటే మీకు నమస్కారం. ఇక్కడ నేను క్షేమం, నా మోకాళ్ళు తప్ప. అక్కడ మీరంతా క్షేమమని మీ నోటీసు చూడగానే తెలిసింది. ఒంట్లో ఏ నొప్పీ లేనివాళ్ళకే ఇలాంటి ఆలోచనలు వస్తాయి.

నా పేరు మెరెపెకా హోరోమోనా. డెబ్బై ఆరేళ్ళు. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు దుప్పట్లు ఉతికి రిటైరయ్యాను. మా పెరటి కంచె దాటితే గుట్ట మొదలవుతుంది. మార్చి ఐదు నుంచి 'మౌంట్ ఆగిల్వీ' శిఖరం మీద, ఇప్పుడున్న నీళ్ళ ట్యాంకు పక్కనే, దానికి రెండింతలది ఇంకొకటి కడతామనీ, లారీలు తిరగడానికి అక్కడున్న గుంటను పూడుస్తామనీ మీరు రాశారు.

మొదట పేరు సంగతి. ఆగిల్వీ అనే దొర ఆ గుట్టను ఓడ మీంచి ఒకే ఒక్కసారి చూశాడట, అదీ కడుపులో తిప్పుతుండగా. కిందికి దిగనేలేదని మా అమ్మమ్మ చెప్పేది. దాని పేరు పుకెరురు, అంటే గుడ్లగూబ గుట్ట. మీరు గుంట అంటున్నది ఒకప్పుడు నిప్పు బయటికొచ్చిన నోరు. ఈ ఊళ్ళో ఇలాంటి గుట్టలు యాభై దాకా ఉండేవి. ఎన్ని మిగిలాయో మీకే బాగా తెలుసు, తవ్వింది మీరే కదా.

ఇక రెండోది. మాకది తాత. మేం ఎవరమో చెప్పుకోవాలంటే ముందు ఆయన పేరు చెప్పి, తర్వాతే మా పేరు చెబుతాం. ఆయన ఒంటి మీద మెట్లుమెట్లుగా కనిపించేవి మావాళ్ళు ఇళ్ళు వేసుకున్న అరుగులు. చిన్న చిన్న గోతులు చిలగడదుంపలు దాచుకున్న పాతర్లు. 1919లో రైలుపట్టాల కింద పరవడానికి ఆయన కుడి భుజం తవ్వి పట్టుకుపోయారు. 1938లో తల మీద ట్యాంకు పెట్టారు. ముసలాయన తల మీద ఒక బిందె చాలు. రెండోది ఎత్తకండి.

ఇట్లు,
ఇక్కణ్ణించి కదలని
మెరెపెకా హోరోమోనా

తా.క.: ముప్పై ఏళ్ళలో మీకు ఇది నా ఇరవై మూడో ఉత్తరం. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇరవై నాలుగోదానికి స్టాంపు కొనే ఉంచాను.

*

ఫిర్యాదుల విభాగం, రెండో అంతస్తు
ఫిబ్రవరి 14, 1984

గౌరవనీయులైన శ్రీమతి హోరోమోనా గారికి,

నమస్కారం. నేను ఈ విభాగంలో సహాయ గుమాస్తాను. దక్షిణాన మైదానాల్లోంచి వచ్చి మూడు నెలలైంది. మీ ఉత్తరం అందిందని చెప్పడానికి సంతోషిస్తున్నాను. నిజానికి ఉత్తరం అందలేదు. మా దగ్గర ఉత్తరాలన్నీ ముందు నేలమాళిగలోని దస్త్రాల గదికి వెళ్తాయి. అక్కడివాళ్ళు చదివి ఒక్క వాక్యం కార్డు మీద రాసి నాకు పంపుతారు. అసలు ఉత్తరం పైకి రావడానికి నెలలు పడుతుంది.

మీ కార్డు మీద ఇలా ఉంది: 'తాతగారు. కుడి భుజం పోయింది. తల మీద నీళ్ళ ట్యాంకు. మన సిబ్బంది పనే. మళ్ళీ చేస్తామని నోటీసు కూడా ఇచ్చారు.'

అమ్మా, అక్కడా ఇక్కడా కలిపి పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఇంత ఘోరం నేను వినలేదు. పైగా ముందుగా నోటీసిచ్చి మరీ చేయడం. శారీరక గాయాలకు సంబంధించిన ఇరవై రెండో నంబరు ఫారం జతపరిచాను. వీలైనంత త్వరగా నింపి పంపండి. దీన్ని నేను వదిలిపెట్టను.

ఇట్లు,
మీ విధేయుడు
లియొనెల్ గార్సైడ్

తా.క.: ప్రమాద సమయంలో ఆయన తలకు టోపీ ఉందా లేదా అన్న గడి తప్పక నింపండి. మా పనంతా ఆ గడి చుట్టూనే తిరుగుతుంది.

*

14, టానెకాహా వీధి
ఫిబ్రవరి 20, 1984

గార్సైడ్ గారికి,

తేనా కోయె. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత పక్కింటి ఆవిడను పిలిచి ఆవిడ చేత ఇంకోసారి చదివించుకున్నాను, నా కళ్ళజోడు అబద్ధం చెబుతోందేమోనని. ఆ కార్యాలయంలోంచి తాతను తాత అని రాసిన మొదటి మనిషి మీరే. ఇన్నాళ్ళకు అక్కడికి ఒక మనిషి వచ్చాడన్నమాట.

ఫారం నింపాను. పేరు దగ్గర పుకెరురు అని రాశాను. వయసు ఇరవై ఎనిమిది వేల ఏళ్ళు. ఇది నా మాట కాదు, విశ్వవిద్యాలయం నుంచి రాళ్ళు ఏరుకోవడానికి వచ్చిన ఆయన చెప్పింది. ఎత్తు 131 మీటర్లు. ప్రమాదానికి ముందు 138. వృత్తి దగ్గర ఏం రాయాలో చాలాసేపు ఆలోచించి, 'ఒకప్పుడు నిప్పు, ఇప్పుడు విశ్రాంతి' అని పెట్టాను. ఆధారపడినవాళ్ళు ఎందరని అడిగారు. ఇచ్చిన గీత సరిపోలేదు. వెనక రాశాను, అక్కడా సరిపోక నా సొంత కాగితాలు రెండు కలిపాను. అవి కూడా మా వీధి వరకే.

ప్రమాదం జరిగిన చోటు: తల మీద, అంటే మౌంట్ ఆగిల్వీ శిఖరం. మీ కాగితాల్లో వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని ఆ పేరు రాశాను. నా చేయి దానికి ఒప్పుకోలేదు, అక్షరాలు చూస్తే మీకే తెలుస్తుంది.

ఇట్లు,
మెరెపెకా హోరోమోనా

తా.క.: టోపీ గురించి అడిగారు. చలికాలం పొద్దున పూట మంచు టోపీ ఉంటుంది. పది గంటలకు తీసేస్తాడు.

*

ఫిర్యాదుల విభాగం
మార్చి 8, 1984

శ్రీమతి హోరోమోనా గారికి,

ఫారం చేరింది. మా టైపిస్టులు చాలా జాగ్రత్తగలవాళ్ళు. వయసు దగ్గర 'వేల' అని చేయి జారి పడిందని గమనించి కొట్టేశారు. మీటర్లను సెంటీమీటర్లుగా దిద్దారు. ఆ ప్రకారం మన మనిషి ఇరవై ఎనిమిదేళ్ళవాడు, 131 సెంటీమీటర్ల పొట్టివాడు. ట్యాంకు బరువుకు ఏడు సెంటీమీటర్లు కుంగిపోవడం సాధ్యమేనని మా డాక్టరు అన్నారు. ఎత్తిన వెంటనే దించి ఉంటే ఇంత జరిగేది కాదట.

డెబ్బై ఆరేళ్ళ మీకు ఇరవై ఎనిమిదేళ్ళ తాత ఎలా ఉన్నారన్నది నాకు బోధపడలేదు. ఇతరుల ఇంటి విషయాల్లో తల దూర్చకూడదని మా అమ్మ నేర్పింది కాబట్టి ఇక అడగను. వృత్తి దగ్గర 'అగ్నిమాపక శాఖ, రిటైర్డ్' అని తేటగా రాయించాను.

ముఖ్యమైన సంగతి ఇది. మా నియమాల్లో తొమ్మిదోదాని ప్రకారం, ఎవరికైనా గాయమైన చోట, ఆ గాయపడ్డ వ్యక్తి వాంగ్మూలం తీసుకుని ఫైలు మూసేదాకా ఏ పనీ జరగకూడదు. అందుకని శిఖరం మీద కొత్త ట్యాంకు పనిని ఈ రోజే ఆపించాను. ముఖ్య ఇంజినీరు గారు కిందికొచ్చి ఎవరయ్యా ఈ పుకెరురు అని అడిగారు. బాధితుడి వివరాలు బయటపెట్టలేనని చెప్పాను.

తాతగారు వాంగ్మూలం ఇవ్వడానికి ఎప్పుడు రాగలరో తెలియజేయండి. మా లిఫ్టు పనిచేయడం లేదు.

ఇట్లు,
లియొనెల్ గార్సైడ్

తా.క.: అగ్నిమాపక సిబ్బంది సంఘానికి కూడా రాశాను. ఆ పేరు తమ జాబితాలో లేదన్నారు, అయినా పూలు పంపుతున్నారు.

*

14, టానెకాహా వీధి
మార్చి 13, 1984

గార్సైడ్ గారికి,

నాయనా, ఇక నిన్ను నువ్వనే అంటాను. పని ఆపించినవాడిని మీరు అనడానికి నోరు రావడం లేదు. నీ ఉత్తరంలో టైపిస్టులు, సెంటీమీటర్ల లెక్కలు నా తలకెక్కలేదు, పని ఆపించావన్న ముక్కే మళ్ళీ మళ్ళీ చదివాను. నిన్న బుల్డోజరు దారి మొదట్లో ఆగిపోయి ఉంది. డ్రైవరు పాపం నీడన కూర్చుని ఉంటే రొట్టె, టీ ఇచ్చి వచ్చాను. ఎందుకు ఆపారో అతనికి తెలియదట. ఎవరో పొట్టివాడు అడ్డం పడ్డాడని చెప్పారట. ఎవరా అని నాకూ అంతు పట్టలేదు.

తాత అక్కడికి రాలేడు. ఆయన బయల్దేరితే మీ కార్యాలయం, లిఫ్టు, ఏదీ మిగలదు. నువ్వే రావాలి. ఇరవై నాలుగో తేదీ శనివారం పొద్దున పదికి మా ఇంటికి రా. ముందు టీ తాగుదువుగాని, తర్వాత ఇద్దరం కలిసి ఎక్కుదాం. వాంగ్మూలం ఎలా తీసుకుంటావో నాకు తెలియదు గానీ, అక్కడ ఒక పూట నోరు మూసుకుని కూర్చున్నవాళ్ళకు ఆయన చెప్పకుండా ఉండడు. గట్టి బూట్లు వేసుకో.

ఇట్లు,
మెరెపెకా

తా.క.: పూలు వచ్చాయి. ఆయన మోకాలి దగ్గర పెట్టి నీ పేరు చెప్పాను. గుట్ట మీద మేసే మీ కార్యాలయం ఆవులు వాటిని తిన్నాయి. ఏమీ అనుకోవద్దని ఆ సంఘంవాళ్ళకు రాయి.

*

ఫిర్యాదుల విభాగం
మార్చి 26, 1984

మెరెపెకా అమ్మమ్మ గారికి,

శనివారం నుంచి ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. జరిగింది జరిగినట్టు ఫైల్లో ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

నేను కొలతల టేపు, మందుల పెట్టె, నడవలేని మనిషి కోసం చక్రాల కుర్చీ పట్టుకుని వచ్చాను. అది చూసి నా మోకాళ్ళ సంగతి గుర్తు పెట్టుకున్నావా నాయనా అని మీరు సంబరపడ్డారు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. దారిలో పాతర్లు చూపించారు, అరుగులు చూపించారు. కుడిపక్కన కొండ సగానికి కోసినట్టు నిలువుగా తెగిపోయిన చోట కాసేపు ఆగారు. నేను గడియారం చూసుకుంటున్నాను. చివరికి ఆయాసపడుతూ అడిగాను:

"అమ్మా, తాతగారి ఇల్లు ఇంకా ఎంత దూరం?"

"ఇల్లేమిటి నాయనా? ఆయన మోకాలి మీద నిలబడి అడుగుతున్నావు."

నేను కింద చూశాను. గడ్డి. పైకి చూశాను. ట్యాంకు. ఇరవై ఎనిమిది వేలు, నూట ముప్పై ఒక్క మీటర్లు, మంచు టోపీ, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా మీద పడ్డాయి. అక్కడే కూలబడ్డాను. నా మందుల పెట్టెలోంచి మీరే వాసన చూసే సీసా తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. ఆ పొట్టివాడంటే తాతగారేనని నేను విడమరిచి చెప్పేదాకా మీకూ తట్టలేదు. అది విన్నాక కూడా మీరు నవ్వలేదు. పైకి ఎక్కేదాకా ఓపిక పట్టి, ట్యాంకుకు వీపు ఆనించి, అప్పుడు నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. నేనూ నవ్వాను.

మేం పుట్టిన చోట నేల చాపలా ఉంటుంది. ఎత్తు నుంచి చూడడం నాకు అలవాటు లేదు. రెండు వైపులా సముద్రం, మధ్యలో ఊరు, ఊరి మధ్యలో అక్కడొకటీ ఇక్కడొకటీ సగం సగం మిగిలిన గుట్టలు. మీరు ఒక్కొక్కటీ పేరు పెట్టి చూపించారు, పోయినవాళ్ళ పేర్లు కూడా. దూరంగా రైలు పోతుంటే, అది భుజం మీదుగా వెళ్తోందన్నారు.

కానీ అమ్మమ్మా, నా ఫైలు తప్పు ఫైలు. మనిషికి గాయమైందని పని ఆపించాను. మనిషి లేడు. పొరపాటున తెరిచిన ఫైలును పది రోజుల్లోగా మూయాలి. మూసిన మర్నాడు బుల్డోజరు కదులుతుంది. నన్ను క్షమించండి.

ఇట్లు,
లియొనెల్

తా.క.: టేపు పైనే మరిచిపోయాను. అది కార్యాలయం ఆస్తి. ఆవులు తినకపోతే తీసి ఉంచండి.

*

14, టానెకాహా వీధి
మార్చి 28, 1984

లియొనెల్‌కు,

తప్పు ఫైలు అన్నావు. ఆ ఫారంలో నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం చూపించు. పేరు నిజం, వయసు నిజం, ఎత్తు నిజం. భుజం పోయింది నిజం, నువ్వే చూశావు. అబద్ధాలన్నీ మీ టైపిస్టులు పెట్టినవి. వాటిని కొట్టేసి నావి మళ్ళీ రాయి. అప్పుడది తప్పు ఫైలు ఎలా అవుతుంది?

నువ్వు మంచివాడివి కాబట్టి ఒక మాట చెబుతాను. కొండ తెగిన చోట నేనెందుకు ఆగానో నువ్వు అడగలేదు. మా నాన్న హోహెపా అక్కడ రాళ్ళు కొట్టేవాడు. ఆ భుజం మీద పలుగు వేసిన పదకొండు మందిలో ఆయనొకడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మధ్యాహ్నం రొట్టె పట్టుకెళ్ళేదాన్ని. మావాళ్ళే మమ్మల్ని తాత భుజం తిన్నవాళ్ళు అనేవాళ్ళు. పండగలకు పిలిచేవాళ్ళు కాదు. నాన్న ఎవరికీ ఎదురు చెప్పేవాడు కాదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కోవడమే, చాలాసేపు కడుక్కునేవాడు. 1931లో పోయాడు. అప్పటిదాకా దాని గురించి ఒక్క మాట, మంచిగానో చెడ్డగానో, ఆయన నోట నేను వినలేదు.

ఆయన అనలేదు కాబట్టి నేను అంటున్నాను. మీకు రాసిన ఇరవై మూడు ఉత్తరాలూ ఆయన రాయవలసినవి. కాబట్టి నువ్వు ఫైలు మూస్తే మూసుకో. నేను మాత్రం మర్నాడు పొద్దున్నే కుర్చీ వేసుకుని దారి మధ్యలో కూర్చుంటాను. చక్రాల కుర్చీ ఎలాగూ ఇక్కడే వదిలి వెళ్ళావు.

ఇట్లు,
మెరెపెకా

తా.క.: ఆ బుల్డోజరు డ్రైవరు మా చెల్లెలి అల్లుడికి తమ్ముడని ఇప్పుడు తెలిసింది. ఆ రోజు పనిలోకి వస్తే ఇక ఏ ఆదివారమూ భోజనానికి రావద్దని కబురు పెట్టాను. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాడు.

*

ఫిర్యాదుల విభాగం
ఏప్రిల్ 5, 1984

మెరెపెకా అమ్మమ్మ గారికి,

మీ ఉత్తరం ఈసారి కార్డుగా కాకుండా ఉత్తరంగానే చదివాను. పొద్దున్నే నేలమాళిగ తలుపు దగ్గర నిలబడి తపాలా సంచీలోంచి తీసుకున్నాను. ఫారంలో టైపిస్టుల దిద్దుబాట్లు కొట్టేసి మీవి మళ్ళీ రాశాను. దాన్ని నిలబెట్టాలంటే మీ పాత ఉత్తరాలు కావాలనిపించి, అవి ఎక్కడున్నాయో నేనే వెతకడానికి దిగాను. గుమాస్తాలు అక్కడికి వెళ్ళడం నిషేధం. రెండు రోజులు పట్టింది.

మీవి ఇరవై మూడూ ఒక తాడుతో కట్టి ఉన్నాయి. గుట్ట పేరు మీద ఉన్న అట్టపెట్టెలో, అడుగున, ఇంకొక కాగితం దొరికింది. 1919 సెప్టెంబరు. మీ భాషలో ఉంది. పైన ఎర్ర సిరాతో మావాళ్ళు రాశారు: 'తెలియని భాష. జవాబు అక్కర్లేదు.' టైపిస్టుల్లో ఎరానా అని మీవాళ్ళమ్మాయి ఉంది. మీ మీటర్లను సెంటీమీటర్లు చేసింది ఆమే, అందుకు సిగ్గుపడుతోంది. ఆమె చదివి చెప్పింది. సగంలో ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ చదివింది. అందులో ఇలా ఉంది:

'మేం పదకొండు మంది రాళ్ళు కొట్టేవాళ్ళం. మీరిచ్చిన పలుగులతో మా తాత భుజం మేమే పగలగొడుతున్నాం. పిల్లలకు రొట్టె కావాలి కాబట్టి చేస్తున్నాం. వాళ్ళు పెద్దయ్యాక, మావాళ్ళు నోరు మూసుకుని ఊరుకున్నారు అనుకోకూడదు కాబట్టి ఇది రాస్తున్నాం. రాయి కావాలంటే వేరే చోట ఉంది, మేం చూపిస్తాం. ఇక్కడ ఆపండి. జవాబు వచ్చేదాకా రోజూ ఎదురుచూస్తాం.'

కింద పదకొండు సంతకాలు. మొదటిది హోహెపా. ఉత్తరం మొత్తం ఆ చేతిరాతే.

మీ నాన్నగారు అన్నారమ్మా. మేం వినలేదు.

నిన్న ముఖ్య ఇంజినీరు గారి గదికి వెళ్ళి దీన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. ఆయన మనసులేని మనిషి కాదు. చాలా విచారకరం అన్నారు. కానీ ట్యాంకు ట్యాంకేననీ, సాయంత్రంలోగా ఫైలు మూసి తన బల్ల మీద పెట్టమనీ చెప్పారు.

ఈ కాగితం ఫైల్లోంచి తీయకూడదని నియమం. నకలు ఫైల్లో పెట్టి అసలు మీకు పంపుతున్నాను. మిమ్మల్ని పండగలకు పిలవనివాళ్ళలో ఎవరైనా ఇంకా ఉంటే చదివి వినిపించండి. అరవై ఐదేళ్ళ తర్వాత, ఆయన ఎదురుచూసిన జవాబుకు బదులు ఈ ఉత్తరం కింద నా సంతకం ఉంది. చాలదని నాకు తెలుసు.

ఇట్లు,
మీ
లియొనెల్ గార్సైడ్

తా.క.: ఫైలు మూసే కాగితం మీద కారణం దగ్గర మూడే గళ్ళు ఉన్నాయి. 'కోలుకున్నారు', 'మరణించారు', 'ఊరు విడిచి వెళ్ళారు.' మూడింట్లో ఏదో ఒకదానికి టిక్కు పెట్టకపోతే ఫైలు మూతపడదు, ఫైలు మూతపడకపోతే పని మొదలుకాదు. మూడూ ఆలోచించాను. ఏ ఒక్కటీ నిజం కాదనీ, అబద్ధానికి టిక్కు పెట్టలేననీ కింద రాసి, నిన్న సాయంత్రం ఇంజినీరు గారికిచ్చాను. ఆయన ఆ కాగితం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి పుకెరురు వైపు చాలాసేపు చూశారు. పోనీ మీరు పెట్టండి అని కలం ఇచ్చాను. తీసుకోలేదు. ఈ రోజు పొద్దున, రైల్వేవాళ్ళు వదిలేసిన పాత షెడ్డు స్థలంలో, స్తంభాల మీద కొత్త ట్యాంకు నిలబెట్టడానికి మావాళ్ళు కొలతలు తీసుకుంటున్నారు. వాళ్ళు టేపు అడిగితే, అది గుట్ట మీద వాంగ్మూలం తీసుకునే పనిలో ఉందని చెప్పాను.